మునిగింది, మునిగిపోలేదు

నేను డర్బన్‌లో ఒక హైస్కూల్లో సైన్సు చెప్తాను. దాదాపు ముప్పై ఏళ్లుగా అదే పని. ఇంటికి వచ్చాక నాకు ఇంకో పని ఉంది. గరాజ్‌లో కూర్చుని చిన్న చిన్న జలాంతర్గాములు తయారు చేస్తాను. అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మలు కావు, రేడియోతో నడిచేవి. నేను చెరువు గట్టున నిలబడి చేతిలో ఉన్న పెట్టె మీద పుల్ల కదిపితే, అవి నీళ్ల కిందికి వెళ్తాయి, తిరుగుతాయి, మళ్లీ పైకి వస్తాయి.

జలాంతర్గామి పెద్ద మాట. భయపడకండి, విడదీస్తే చిన్నదే. జలం అంటే నీళ్లు. అంతర్ అంటే లోపల. గామి అంటే వెళ్లేది. మన ఇళ్లలో ఈ మాట ఎవరూ అనరు. సబ్‌మెరైన్ అంటాం. ఇక్కడ నేను రెండూ వాడతాను.

మా అక్కకి ఈ సరదా ఇప్పటికీ అర్థం కాలేదు. "లోకంలో అందరూ పడవ మునగకూడదని చూస్తారు. నువ్వేమిటే, మునగాలని డబ్బు ఖర్చు పెడతావు?" అంటుంది. నేను చెప్పే జవాబు ఒకటే. మునగడం ఎవరికైనా వస్తుంది అక్కా, రాయికి కూడా వస్తుంది. నా డబ్బంతా పైకి రావడానికే ఖర్చవుతుంది.

ఈ చేతి పని నాకు మా నాన్న దగ్గర వచ్చింది. ఆయన డర్బన్ రేవులో ఓడలు బాగుచేసే చోట పనిచేశారు. చేసింది ఫిట్టర్ పని. జీతం చీటీలో మాత్రం హెల్పర్ అని ఉండేది. ఆ రోజుల్లో మన రంగు వాళ్లకి అలాగే రాసేవారు. మేం చాట్స్‌వర్త్‌లో ఉండేవాళ్లం. ఒక ఆదివారం ఆయన నన్ను బస్సులో ఊళ్లోకి తీసుకెళ్లారు. అక్కడ ఒక పార్కు చెరువులో తెల్లవాళ్ల పిల్లలు, పెద్దలు చిన్న పడవలు నడుపుతున్నారు. లోపలికి మేం వెళ్లకూడదు. కంచె బయట నిలబడి చూశాం. నాన్న కోప్పడలేదు. "చుక్కాని చూడమ్మా. అది ఎటు తిరిగితే పడవ ఎటు పోతోందో చూడు" అన్నారు. ఇంటికి వచ్చాక పిల్చర్డ్ చేపల ఖాళీ డబ్బాతో, ఒక రబ్బరు బ్యాండుతో నాకొక పడవ చేసిచ్చారు. అది మా బట్టలుతికే తొట్టిలో నడిచింది. టంకం పెట్టడం, ఆకురాయితో అంచు నున్నగా చేయడం, మర బిగించేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

తెలుగు మాత్రం ఇంట్లో కాదు, గుడిలో నేర్చుకున్నాను. మా అవ్వ తెలుగు మాట్లాడేది, నాన్న అర్థం చేసుకునేవారు, నేను రెండూ చేయలేకపోయేదాన్ని. మీలో చాలామంది ఇళ్లలో ఇదే కథ. శనివారం గుడి వెనక గదిలో అఆలు, పద్యాలు, పాటలు. అలా వచ్చిన తెలుగుతోనే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు విశాఖపట్నం సంగతి చెప్పాలి. నా పడవ నమూనా అక్కడిదే. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911 వరకు 1,52,000 మందికి పైగా కూలి ఒప్పందం మీద ఇక్కడికి వచ్చారు. వాళ్లలో మా ముత్తాత ఒకరు. ఓడ కాగితంలో ఆయన పేరు ముందు ఒక నంబరు ఉంది. జిల్లా అన్నచోట వైజాగపటం అని ఉంది. ఆయన పేరులో అప్పల అనే మాట ఉంది. అది సింహాచలం అప్పన్న పేరు. మన ఇళ్లలో అప్పల్‌సామి, అప్పల్‌రాజు అనే పేర్లు ఇప్పటికీ ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు.

అందుకే కొన్నేళ్ల కిందట విశాఖపట్నం వెళ్లాను. సింహాచలం దర్శనం అయ్యాక సముద్రం ఒడ్డుకి వెళ్తే, ఇసుక పక్కన ఒక నిజమైన సబ్‌మెరైన్ కనిపించింది! దాని పేరు కురుసుర. సోవియట్ దేశంలో తయారై 1969లో భారత నౌకాదళంలో చేరింది. 2001లో పదవీ విరమణ చేసింది. 2002 నుంచి ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల ఏడు గదులు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి తలుపులో నుంచి ఒంగి, కాలు ఎత్తి దాటాలి. మా తరగతి గది సగం కూడా లేని చోట్లలో నావికులు వారాల తరబడి బతికేవారు.

మాకు చూపించిన పెద్దాయన నౌకాదళంలో పనిచేసి విరమించినవారు. మా గుంపులో ఒక స్కూలు పిల్లాడు ఉన్నాడు. "అంకుల్, ఇది ఎన్నిసార్లు మునిగిపోయింది?" అని అడిగాడు. పెద్దాయన నవ్వారు. "మునిగిపోయుంటే నువ్వూ నేనూ ఇందులో ఉంటామా బాబూ? మునిగిపోలేదు. మునిగింది. మునిగిన ప్రతిసారీ తేలింది" అన్నారు.

అందరూ నవ్వి ముందుకి కదిలారు. నేను ఆ గుండ్రటి తలుపు దగ్గరే ఆగిపోయాను. మునిగింది, మునిగిపోయింది. మధ్యలో 'పో' ఒక్కటే తేడా. కానీ ఆ 'పో' వస్తే పని చేయి దాటిపోయిందని అర్థం. పడింది, పడిపోయింది. విరిగింది, విరిగిపోయింది. మరిచాను, మరిచిపోయాను. మునిగింది అంటే నీళ్ల కిందికి వెళ్లింది, అంతే. మునిగిపోయింది అంటే ఇక రాదు. నేను గరాజ్‌లో ఏళ్ల తరబడి చేస్తున్న పని ఏమిటో నాకు ఆ రోజు తెలుగులో తెలిసింది. ఆ 'పో' రాకుండా చూడడం.

డర్బన్ వచ్చాక కురుసురనే తయారు చేయాలనుకున్నాను. వందో వంతు కొలత తీసుకున్నాను. 91 మీటర్లు 91 సెంటీమీటర్లు అయింది. వెడల్పు ఏడున్నర మీటర్లు. అది ఏడున్నర సెంటీమీటర్లు అయింది. సామాన్ల షాపులో దొరికే 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం సరిగ్గా అంతే! బరువు లెక్క ఇంకా బాగుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వందో వంతు అయితే, బరువు పది లక్షల వంతు అవుతుంది. అంటే టన్నుకి ఒక గ్రాము. కురుసుర నీళ్ల మీద ఉన్నప్పుడు సుమారు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. నా లెక్కలో 1,950 గ్రాములు, 2,475 గ్రాములు. మధ్యలో తేడా అర లీటరు నీళ్ల కంటే కొంచెం ఎక్కువ. నిజం ఓడ ఆ తేడాని తన ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు తీసుకుని తెచ్చుకుంటుంది. పైకి రావాలంటే ఒత్తి పెట్టిన గాలితో ఆ నీళ్లని బయటికి తోస్తుంది. ఏ సబ్‌మెరైన్ అయినా మునగడం, తేలడం ఇంతే.

నా పడవ బయటి గొట్టానికి అడుగున చిల్లులు ఉన్నాయి. నీళ్లు వాటంతటవే వస్తాయి, పోతాయి. దాని లోపల ఇంకో గొట్టం ఉంది. అది 60 మిల్లీమీటర్ల అక్రిలిక్ గొట్టం, అద్దంలా కనిపిస్తుంది. రెండు చివర్లా మూతలు, మూతల చుట్టూ రబ్బరు రింగులు, రింగులకి సిలికాన్ గ్రీజు. బ్యాటరీ, మోటార్లు, రేడియో అన్నీ ఇందులోనే. ఇందులోకి ఒక్క చుక్క నీరు కూడా రాకూడదు. ముందు ఏమీ పెట్టకుండా ఒక టిష్యూ కాగితం లోపల పెట్టి, మూతలు బిగించి, బరువు కట్టి రాత్రంతా బకెట్లో ముంచి ఉంచుతాను. పొద్దున కాగితం పొడిగా ఉంటేనే తర్వాతి పని.

మునగడానికి నేను వాడేది మందుల షాపులో దొరికే సిరంజీలు. 60 మిల్లీలీటర్లవి రెండు. చిన్న మోటారు ఒక మర కడ్డీని తిప్పుతుంది. కడ్డీ సిరంజీ పిడిని వెనక్కి లాగితే నీళ్లు లోపలికి వస్తాయి, పడవ బరువెక్కి మునుగుతుంది. ముందుకి తోస్తే నీళ్లు బయటికి పోతాయి, పడవ తేలుతుంది. రెండూ కలిపి 120 మిల్లీలీటర్లు, ఒక టీ కప్పు కంటే తక్కువ. నా పడవకి అది చాలు.

తర్వాత వచ్చేది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. స్నానాల తొట్టి నింపి పడవని సమంగా నిలబెట్టడం. అడుగున సీసం ముక్కలు పెడతాను. చేపలు పట్టేవాళ్లు గాలానికి కట్టేవే. పైభాగంలో ఫోమ్ ముక్కలు అంటిస్తాను. బరువు కింద, తేలేది పైన ఉంటే పడవ పక్కకి ఒరగదు. ముక్కు కిందికి వాలితే సీసం వెనక్కి జరపాలి. తోక వాలితే ముందుకి జరపాలి. ఒక నాణెం బరువు తేడా కూడా తెలుస్తుంది. సిరంజీలు పూర్తిగా నిండాక, పైనున్న గోపురం కొన మాత్రం నీళ్ల పైన కనిపించాలి. గోపురం అని మా గుడి పిల్లలు పెట్టిన పేరు. పెరిస్కోపు ఉండే ఆ భాగానికి అంతకంటే మంచి పేరు నాకు దొరకలేదు. ఆ కొంచెం తేలే గుణం కావాలనే ఉంచుతాను. పడవ ముందుకి కదులుతూ రెక్కలు వంచితేనే పూర్తిగా కిందికి పోతుంది. మోటారు ఆగితే మెల్లగా దానంతటదే పైకి వస్తుంది.

రేడియో గురించి కూడా చెప్పాలి. రేడియోతో పడవ నడిపి మొదట జనానికి చూపించింది నికోలా టెస్లా, 1898లో న్యూయార్క్‌లో. ఆ పడవ నీళ్ల మీదే నడిచింది. నీళ్ల కింద కష్టం వేరు. ఇప్పుడు షాపుల్లో అమ్మే రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ తరంగాలు నీళ్లలోకి కొన్ని అంగుళాలు కూడా సరిగ్గా వెళ్లవు. పాత 40 మెగాహెర్ట్జ్ రేడియో అయితే మంచినీళ్లలో రెండు మీటర్ల లోతు వరకు మాట వినిపిస్తుంది. ఉప్పునీళ్లలో అదీ పనిచేయదు. ఇంటి ముందే హిందూ మహాసముద్రం ఉన్నా, నా పడవకి చెరువే గతి. పాత రేడియోలు ఇప్పుడు కొత్తవి రావడం లేదు. ఎక్కడైనా కనిపిస్తే, పనిచేయకపోయినా కొంటాను. బాగుచేసుకోవచ్చు.

ఈ పడవ మా తెలుగు తరగతిలోకి ఎలా వచ్చిందో చెప్తాను. ఇప్పుడు శనివారం పెద్ద పిల్లల తరగతి నేను చూస్తున్నాను. పోయిన సంవత్సరం ఐదుగురే మిగిలారు. కమిటీ మీటింగులో ఒక పెద్దాయన అడిగారు. "ఐదుగురి కోసం ఒక గది, ఒక టీచరు ఎందుకమ్మా? చిన్న పిల్లలతో కలిపేయొచ్చు కదా?" ఆయన మాటలో న్యాయం ఉంది. ఆ గదికి వేరే అవసరాలు ఉన్నాయి. సంవత్సరం చివర్లో నిర్ణయిద్దాం అన్నారు.

ఆ ఐదుగురూ మంచి పిల్లలు. పద్యం తప్పు లేకుండా చెప్తారు. భజన బాగా పాడతారు. కానీ నేను గమనించింది ఏమిటంటే, తెలుగులో వాళ్లు దేవుణ్ణి అడుగుతారు, మనుషుల్ని ఏమీ అడగరు. నీళ్లు కావాలన్నా, తలుపు వేయమన్నా ఇంగ్లీషే. తెలుగుతో వాళ్లకి పని పడలేదు. పని పడని మాట నోట్లో నిలవదు.

అందుకని పడవని తీసుకెళ్లాను. ఒక ఆట పెట్టాను. రేడియో పట్టుకున్నవాళ్లు నీళ్ల వైపు వీపు పెట్టి నిలబడాలి. పడవని చూడకూడదు. మిగతా నలుగురు గట్టున నిలబడి తెలుగులోనే చెప్పాలి. ఎడమకి. కుడికి. నెమ్మదిగా. ఆపు. వెనక్కి. మునుగు. తేలు. మొదటి రోజు ఒకమ్మాయి "తేలు! తేలు!" అని గట్టిగా అరిచింది. పక్కనున్న పిల్లాడు గడ్డిలోకి చూసి ఎగిరి గంతేశాడు. పాఠంలో వాడు చదివిన తేలు కుట్టే తేలు. ఆ రోజు నుంచి ఆ మాట ఎవరూ మరిచిపోలేదు.

మే నెలలో టాంగాట్ దగ్గర తెలిసినవాళ్ల చెరకు తోటలో ఒక చెరువుకి వెళ్లాం. వానలు ఆగాయి కాబట్టి నీళ్లు తేటగా ఉన్నాయి. చుట్టూ చెరకు. మన ముందటి తరాలవాళ్లు కొట్టిన చెరకు ఇలాంటి తోటల్లోనే. పడవ బాగా నడిచింది. ఒకసారి లోతుగా, చెరువు మధ్యకి పోయింది. తర్వాత కనిపించలేదు. రేడియోకి పలకలేదు.

ఇలాంటి సమయం కోసమే లోపల ఒక ఏర్పాటు ఉంది. మూడు సెకన్లు రేడియో మాట వినిపించకపోతే, పడవ తానే ప్రొపెల్లర్లు ఆపి, సిరంజీల్లో నీళ్లు బయటికి తోసేస్తుంది. అందుకు ఇరవై సెకన్లు పడుతుంది. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పాను. "లెక్కపెట్టండి" అన్నాను. అందరూ మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. ఇరవై వరకు ఐదు గొంతులూ వినిపించాయి. పడవ రాలేదు. ముప్పై దాటేసరికి ముగ్గురు ఆగిపోయారు, అంతవరకే వాళ్లకి వచ్చు. నలభై దాటాక ఒక్క గొంతే. పదేళ్ల అమ్మాయి, వాళ్ల అవ్వ దగ్గర అంకెలు నేర్చుకుంది. నలభై ఆరు, నలభై ఏడు.

"ఆంటీ, మునిగిపోయింది" అన్నాడు ఒకడు. వాడి గొంతులో ఏడుపు ఉంది.

లెక్క ఆపకుండా ఆ అమ్మాయి చేత్తో సైగ చేసింది. పక్కనున్న పెద్దమ్మాయి చెప్పింది. "మునిగిపోలేదురా. మునిగింది."

నేను ఏమీ మాట్లాడలేదు. ఆ పడవకి నాలుగేళ్ల సాయంత్రాలు పట్టాయి. కానీ ఆ నిమిషంలో నేను విన్నది పడవ గురించి కాదు. పుస్తకంలో లేని ఒక తేడాని ఒక పిల్ల తనకి కావలసినప్పుడు సరిగ్గా వాడింది. వాళ్ల అమ్మానాన్నలకి కూడా ఆ తేడా తెలియదు.

డెబ్బై మూడు దగ్గర ముక్కు కనిపించింది. దాని మెడ చుట్టూ నాచు దండలా చుట్టుకుని ఉంది. అడుగున నాచు పట్టుకుంది, నీళ్లు పైకి తోసే బలం దాన్ని కొంచెం కొంచెంగా విడిపించింది. పిల్లలు వేసిన కేకకి చెరకులోంచి పిట్టలు లేచాయి. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు వ్యాన్‌లో ముగ్గురు ఆ అమ్మాయిని పట్టుకున్నారు. "నలభై తర్వాత ఏంటి? మళ్లీ చెప్పు." వంద వరకు వచ్చేసరికి గుడి వచ్చింది.

ఆ రాత్రి నాకు మా ముత్తాత గుర్తొచ్చారు. ఆయన ఓడెక్కాక ఊరికి ఉత్తరం వెళ్లిందో లేదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకి రాయడం రాదు, కాగితం మీద వేలిముద్రే ఉంది. ఊళ్లో వాళ్లు కొంతకాలం లెక్కపెట్టి ఉంటారు, తర్వాత ఆపి ఉంటారు. మునిగిపోయాడు అనుకుని ఉంటారు. నూరేళ్ల తర్వాత ఆయన మునిమనవరాలు అదే తీరంలో నిలబడి తెలుగులో టిక్కెట్టు కొనుక్కుంది.

తరగతి సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు ఏడుగురు ఉన్నారు. కమిటీ ఈ సంవత్సరానికి గది ఉంచింది. వచ్చే నవంబర్లో మళ్లీ మాట్లాడతారు. అప్పటికి ఏమవుతుందో చెప్పలేను. ఇద్దరు పిల్లలు సొంతంగా పడవ మొదలుపెట్టారు. వాళ్ల టిష్యూ కాగితం మొదటి రాత్రి తడిసింది, రెండో రాత్రి పొడిగా ఉంది.

మీకు కూడా చేయాలనిపిస్తే, ఒక గొట్టం, రెండు మూతలు, ఒక బకెట్టుతో మొదలుపెట్టండి. ఖరీదైనవి తర్వాత. ఎంత లోతుకి పోవాలో కాదు, ఎలా పైకి రావాలో ముందు ఆలోచించండి. నా దగ్గర బాగుచేసిన పాత 40 మెగాహెర్ట్జ్ రేడియో ఒకటి ఎక్కువగా ఉంది. కావలసినవాళ్లు శనివారం గుడికి వచ్చి అడగండి, ఊరికే ఇస్తాను. తెలుగులో అడగాలి, అంతే.